తోక మీద నీలం పట్టా

మార్చి 3, సోమవారం

నందిగామ ఆఫీసులో చేరి నెల నిండింది. ఆఫీసంటే ఎరువుల షాపు మీద ఒక గది, పది కంప్యూటర్లు. శాటిలైట్ ఫొటోల్లో యుద్ధవిమానాలు చూసి రియలో, డమ్మీయో నొక్కాలి. ఏ దేశమో చెప్పరు. మా లేబుల్స్ ఎవరికి వెళ్తాయో చెప్పరు. టీమ్ లీడ్ హరిచరణ్‌ని అడిగితే, మనకెందుకండి, అన్నాడు.

మార్చి 11, సాయంత్రం 4

ఒకే ఫొటో గంటన్నర తినేసింది. పాత రన్‌వే చివర ఒంటరి విమానం. మబ్బు రోజు, నీడ లేదు. నీడ లేకపోతే ఎత్తు తెలియదు. కాంక్రీట్ మీద రంగుతో వేసిన బొమ్మ కూడా పైనుంచి అచ్చం విమానమే. హరిచరణ్ తేల్చలేక, మీరే చూడండి, అని వెళ్లిపోయాడు.

అదే చోటు మర్నాడు తీసిన ఫొటో తెరిచాను. అదీ మబ్బే. కానీ తోక మీద నీలం టార్పాలిన్ పట్టా కప్పి ఉంది.

పెనుగంచిప్రోలులో మా కల్లం. మిరపకాయలు ఆరబోసి, పొద్దుగూకేసరికి మంచు పడకుండా పట్టా కప్పుతాం. రంగు పోయిన తాలుకాయల మీద కప్పం. పనికిరానిదాని మీద పట్టా ఎవడు కప్పుతాడే, అంటాడు నాన్న. బొమ్మకి పట్టా ఎందుకు? రియల్ నొక్కాను.

నా తెలివికి నేనే మురిసిపోయాను. జగ్గయ్యపేట బస్సు ఎక్కేముందు పునుగులు తిన్నాను.

మార్చి 12

హరిచరణ్ అందరి ముందూ మెచ్చుకున్నాడు.

మార్చి 19, ఉదయం 11

అదే చోటు మళ్లీ వచ్చింది. ఈసారి దెబ్బ ఎంత తగిలిందో గుర్తించాలట.

విమానం నడుమ బాంబు పడ్డ గొయ్యి. ఒక రెక్క మిగిలింది. ఇవాళ్టి ఫొటోలో ఎండ ఉంది. గొయ్యి అంచుకి నీడ ఉంది, రెక్కకి లేదు. కాంక్రీట్ పగుళ్లు రెక్క మీదుగా సాగిపోయాయి. అది రంగు.

పట్టా ఎగిరి ఎక్కడో పడింది. తోక ఉన్నచోట ఎర్రగా, సగం చెదిరి, ఆరబోసిన పంట. మిరపకాయలో, ఇంకేవో. అది ఉత్త బొమ్మని అక్కడివాళ్లకి తెలుసు. చదునైన చోటు దొరికిందని దాని మీదే కల్లం పెట్టుకున్నారు. పట్టా విమానానికి కాదు, పంటకి. ఏటా ఆ పని చేసే దాన్ని, నాకే తట్టలేదు.

పక్కన ఏడు చుక్కలు. ఎంత జూమ్ చేసినా చుక్కలే.

11.40

హరిచరణ్‌ని పిలిచి చూపించాను. చాలాసేపు చూశాడు. బస్తాలండి అవి, అన్నాడు. మనుషులైతేనో, అన్నాను. బస్తాలే అనుకోండి, మన లేబుల్ చూసే వేశారని ఏముంది, అన్నాడు.

మార్చి 20

ఏడు.

మార్చి 23, ఆదివారం

చర్చి అయ్యాక కల్లానికి వెళ్లాం. అమ్మ, పిన్ని, కూలికి వచ్చిన ముగ్గురు వంగి తాలు ఏరుతున్నారు. లెక్కపెట్టాను. ఐదుగురే. ప్రాణం లేచొచ్చింది.

తర్వాత నాన్నా, నేనూ వాళ్ల పక్కన కూర్చున్నాం. ఏడుగురం. ఆకాశం వైపు చూడటానికి భయమేసింది.

మార్చి 25

జరిగింది రాసి పైకి పంపమని హరిచరణ్‌తో అన్నాను. పంపాడు. జవాబొచ్చింది: టార్గెట్ ధ్వంసం, లేబుల్ కరెక్ట్. కొత్తగా చేరినవాళ్ల బ్యాచ్‌కి ఆ పట్టా ఫొటోనే శాంపిల్‌గా పెట్టి నన్నే నేర్పమన్నారు. మానేస్తానందామనుకున్నాను. సరేనండి, అన్నాను.

మార్చి 28

పన్నెండు మంది. పట్టా ఉన్న ఫొటో పెట్టాను. అందరూ రియల్ అన్నారు. చిల్లకల్లు నుంచి వచ్చే సింధూర ఒక్కతే, మేడమ్, అక్కడెవరో కల్లం పెట్టుకున్నట్టుందండి, అంది.

తప్పు, అన్నాను.