చివరి అంకె

ఏప్రిల్ 11, మంగళవారం

మెంగ్ సుంగ్‌జే 3.2.5 వెర్షన్ విడుదల చేశాడు. నాతో ఒక్క మాట అనలేదు. ఆరేళ్ల క్రితం నేను మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ లైబ్రరీ అది. సముద్రం పోటు, పాటు వేళలు లెక్కగడుతుంది, ఎవరైనా తమ ప్రోగ్రాంలో ఉచితంగా వాడుకోవచ్చు. బూసాన్ నుంచి అతనూ చూసుకుంటాడు కాబట్టి హక్కు ఉంది. సరే. మారింది చివరి అంకే కదా, చిన్న మరమ్మతు అయివుంటుందనుకుని చూడలేదు.

ఏప్రిల్ 13, మధ్యాహ్నం 2.10

తేఆన్ తీరంలోని ఒక ఊరి మత్స్యకారుల సంఘం నుంచి ఫోన్. పాటుకి తేలిన బురదనేలలో గుల్లలు ఏరే ఆడవాళ్లను పోటు రాకముందే వెనక్కి రమ్మనే సైరన్ మా లైబ్రరీ మీదే నడుస్తుందట. నాకు తెలియనే తెలియదు. నిన్న మంచు కమ్మింది. సైరన్ మోగలేదు. ప్యో మాల్‌సున్ అనే డెబ్బై ఆరేళ్ల అవ్వ గుండెలోతు నీళ్లలో చిక్కుకుంది. పడవవాళ్లు లాగారు. సైరన్ సాయంత్రం అయిదింటికి మోగిందట. అప్పటికామె ఆసుపత్రిలో ఉంది.

3.00

కోడ్ చూశాను. కొరియా టైమ్ బదులు గ్రీన్‌విచ్ టైమ్ ఇస్తోంది. తొమ్మిది గంటల తేడా! రాత్రి రెండింటి పోటుకి మోగాల్సిన సైరన్ సాయంత్రం అయిదింటికే మోగింది. చివరి అంకె మారితే అందరి కంప్యూటర్లూ అడక్కుండానే కొత్తది తీసేసుకుంటాయి. ఇలాంటిదానికి మొదటి అంకె మార్చాలి, అప్పుడు ఎవరికి వారు చూసుకునే తీసుకుంటారు. వెంటనే వెనక్కి తిప్పి 3.2.6 పెట్టాను.

సుంగ్‌జేకి ఫోన్ చేసి అరిచాను. "అక్కా, నేను మార్చలేదు, సరిచేశాను. గ్రీన్‌విచ్ టైమ్ ఇస్తుందని లైబ్రరీతో ఇచ్చే వివరణలో, డాక్స్‌లోనే రాసుంది. కోడ్‌దే తప్పు" అన్నాడు. ఆరేళ్లుగా జనం నమ్ముకున్నది కోడ్‌నిరా, నీ డాక్స్‌ని కాదు అన్నాను. "నా డాక్స్ కాదక్కా" అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

ఏప్రిల్ 14

డాక్స్‌లో ఆ వాక్యం రాసింది నేనే.

ఏప్రిల్ 16, ఆదివారం

నేనుండే తేజాన్ నుంచి ఆ తీరపు ఊరికి బస్సులో వెళ్లాను. మాల్‌సున్ అవ్వ ఇంటికొచ్చేసింది. వాకిట్లో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. వంగి క్షమాపణ అడిగాను.

"ఏమే, ఆ సైరన్ మోగించేది నువ్వేనా?"

సగం నేనే అవ్వా అన్నాను.

"ముప్ఫై ఏళ్లు నీళ్లు చూసుకుంటూనే వెనక్కొచ్చాను. ఇది వచ్చాక చూడడం మానేశా. పనిచేయనప్పుడు పనిచేయడంలేదని చెప్పి చావొచ్చుగా! ఆ రోజు ఇంట్లోనే కూర్చునేదాన్ని."

అన్నం తిని వెళ్లమంది. తిన్నాను.

ఏప్రిల్ 18

ఈసారి నేనే ముందు సుంగ్‌జేకి చెప్పాను. టైమ్ ఇచ్చే పాత ఫంక్షన్ తీసేస్తున్నా, కొత్తది ఏ దేశం టైమో చెప్పందే పనిచేయదు అని. "కొత్తది తీసుకోగానే వందల ప్రోగ్రాంలు ఆగిపోతాయి, పీక్కుతింటారక్కా" అన్నాడు. ఆగిపోనీ. తప్పు టైమ్ చెబుతూ నడిచేకంటే ఆగడం నయం అన్నాను. తర్వాత డాక్స్ తను రాస్తానన్నాడు. ఆ అవ్వకి ఎలా ఉందనీ అడిగాడు. నాకు ఇంకా కోపం పోలేదు. ఎవరి మీదో తెలియడంలేదు.

ఏప్రిల్ 22

4.0.0 విడుదల. సాయంత్రానికి అరవై ఒక్క మంది తిట్టారు.

పనిచేయడంలేదని అరవై ఒక్క మందికి తెలిసింది.