బంగార్రాజు మావయ్య తొక్కేసిన అరవై ఒక్క పాటల పంపకం

ఉజ్వలా, ఇది మామూలు మెసేజ్ కాదు, వీలునామా. పక్క బెడ్డు గౌరీశంకర్ బాబు ముప్పై ఏళ్ళు కోర్టులో వకీలు కాడ ముంషీ, గుమస్తా అన్నమాట. ఎలా రాయాలో ఆయన సెప్తన్నాడు, నాను ఫోన్లో కొడతన్నాను. తప్పులన్నీ నావే. ఎనిమిదితో బడి ఒగ్గీసేను, నీకు తెలుసు కదా.

నాను, హరికిరణ్, తల్లి చిన్నమ్మి, ఉండేది టాటానగర్ రైల్వే క్వార్టర్లు. ఈ నెల రెండుకి పద్దెనిమిది నిండేయి. నిండకపోతే సెల్లదంటే ఆధార్ సూపించేను. దవడ ఇరిగింది, బుర్ర ఇరగలేదు. ఏటి రాత్తన్నానో నాకు తెలుసు. ఎవలూ బెదిరించి రాయించట్లేదు. బెదిరించేవోడు కింద గేటు కాడ నిలబడున్నాడు, పైకి రానివ్వలేదు. తిల్లీ అని కడుపులో ఎడం పక్క ఉంటాదంట, అది పగిలింది, లోపల నెత్తురు కారతంది అని డాక్టరమ్మ సెప్పి అమ్మ సేత సంతకం ఎట్టించింది. మూడింటికి ఆపరేషన్. ఇప్పుడు ఒకటిన్నర.

1. నా ఆస్తి. తాత భుజంగరావు బ్యాండు పాటలు అరవై ఒకటి. తాత రాసిన బుక్కులు పోయినేడు వరదకి నాని ముద్దయిపోయేయి. అంతకు ముందే నాను అన్నీ కంప్యూటర్లో ఎక్కించేను. అచ్చరాలూ అంకెలూ కొడితే అది నొటేషన్ కాగితం గీసిత్తాది. నాలుగేళ్ళు కొట్టేను. ఇంకెక్కడా ఆ పాటలు రాసి లేవు.

2. ఏటి జరిగిందో రాయకపోతే పంపకం అర్థం కాదంట. శనివారం కద్మాలో పెళ్ళికి సోనారి బ్యాండోళ్ళు తాత పదిహేడో పాట వాయించేరు. నాను అమ్మేసేనని మావయ్య అనుకున్నాడు. నిన్న మద్దినేల ప్రాక్టీసు షెడ్డులో నా లాప్‌టాప్ తెరిచి సంబరం అని పేరున్న పెద్ద ఫైలు నొక్కేడు. అందులో పది లైన్లే ఉన్నాయి. "నాలుగేళ్ళు టక్ టక్ కొట్టింది పది లైన్లేట్రా? మా నాన్న పాటలేవి? మిగతాది ఎవడికి అమ్మేవు?" అన్నాడు.

పెద్ద ఫైల్లో పాట ఉండదు. పిలుపులే ఉంటాయి. ఫలానా ఫోల్డర్లో ఫలానా ఫైలు తీసుకురా అని. ఒక్కో పిలుపుకి ఒచ్చిన ఫైలు మళ్ళీ ఇంకొన్నిటిని పిలుత్తాది. పాటలు లోపల వేరే వేరే ఫైళ్ళలో ఉంటాయి. ఈ ఒక్క ముక్క సెప్తే అయిపోను. నాకు పదిమందిలో నోరు రాదు. సోనారి బ్యాండు ముసలోడికి ఆ పాట తాతే నేర్పించేడని కూడా తెలుసు. అదీ రాలేదు.

మావయ్య పెద్ద డోలు కర్ర పెట్టి దవడ మీద కొట్టేడు. పళ్ళు రెండు నేల మీద పడ్డాయి, నాను సూసేను. మన ట్రంపెట్ సుదీప్ అన్న నా రెండు సేతులూ ఎనక్కి ఇరిసి పట్టుకున్నాడు. "చుప్ క్యోం హై బే, బోల్" అన్నాడు, నోరిప్పి సెప్పమని. నోటి నిండా నెత్తురెట్టుకుని ఏటి బోల్తాను. నువ్వు అడ్డమొత్తే నీకూ పడింది. నాను పడిపోయినాక మావయ్య కడుపులో తన్నేడు, రైలు పట్టాల కాడేసుకునే బూట్లు. నాలుగు దాకా లెక్కెట్టేను. తర్వాత లాప్‌టాప్ మీదెక్కి తొక్కేడు. సొంత బాబు పాటల మీదెక్కి తొక్కేడు.

3. పాటలు సావలేదు. పెతి ఆదివారం ఒక మెమరీ కార్డులోకి కాపీ ఏసుకుంటాను. అది నీ క్లారినెట్ పెట్టెలో, మెత్తటి గుడ్డ కింద ఉంది. సెప్పకుండా ఎట్టినందుకు ఏటనుకోకు. పంపకం సేసే అధికారం నీకే ఇత్తన్నాను. పాటకో ఫోల్డర్. అందులో బాజాకో ఫైలు, ట్రంపెట్‌కి ఒకటి, క్లారినెట్‌కి ఒకటి అలాగ. ముందు 01, 02 అని సున్నా ఎట్టు, లేకపోతే పది ఎల్లి ఒకటి పక్కన కూకుంటాది. కాగితం సైజు, పైన తాత పేరు, అవన్నీ ఒక్క ఫైల్లోనే ఉంటాయి, అక్కడ మారిత్తే అన్ని పాటల్లోనూ మారిపోద్ది. అది నువ్వు తప్ప ఎవలూ ముట్టుకోకూడదు. ఫైనల్, ఫైనల్ 2 అని ఎప్పుడూ పేరెట్టకు. తప్పు జరిగితే లైన్ నంబర్ అదే సెప్తాది. అక్కడికెల్లి అదొక్కటే సరిసెయ్, పక్కది కెలక్కు.

4. ట్రంపెట్ ఫైళ్ళు అరవై ఒకటీ సుదీప్ అన్నకి. అన్నా, నన్ను పట్టుకున్నది నువ్వు. నీ సేతులు కాలిపోవాలని పొద్దుట్నుంచి అనుకుంటన్నాను. కానీ నలభయ్యో పాటలో ఆ పై సురం నువ్వు తప్ప ఎవలూ ఊదలేరు. అందుకే ఇత్తన్నాను. మాపీ కాదు. మిగిలినోళ్ళకి ఎవల బాజా ఫైళ్ళు ఆళ్ళకి.

5. మావయ్య బంగార్రాజుకి ఆ పది లైన్ల ఫైలు. అదొక్కటే. నేర్చుకుని అది నడిపించినా ఎర్రగా తప్పులొత్తాయి, ఫైలు దొరకలేదు, ఫైలు దొరకలేదు అని. వచ్చే మంగళవారం అమ్మోరి సంబరానికి పాటలు కావాలంటే ఒక్కొక్కల ఇంటికీ ఎల్లి అడగాల. నా ఫైలు ఇవ్వండి బాబూ అని.

మావయ్య కుడిచెయ్యి మూడు సోట్ల ఇరగాల అని కూడా ఇక్కడ రాసేను. గౌరీశంకర్ బాబు "యే సంపత్తి నహీ హై బేటా, కాట్ దో" అన్నాడు, ఇది ఆస్తి కాదు, కొట్టెయ్యమని. కాటను.

6. నీకు నా ఇయర్‌ఫోన్లు, కుడి వైపుది తక్కువ వినపడతాది. ఇంకోటి, కార్డులో 62 అని ఒక ఫోల్డర్ ఉంది. అది తాతది కాదు, నాది. క్లారినెట్ ఒక్కటే, తాళం ఆవర్తానికో గది లెక్కన ముప్పై రెండు గదులు. పెద్ద ఫైలు పిలిసేవాటిల్లో దాని పేరు రాయలేదు, అందుకని బ్యాండు కాగితాల్లో రాదు. నువ్వు ఒక్కదానివే ఉన్నప్పుడు వాయించుకో. బాగోకపోతే తీసెయ్, నాకు సెప్పకు.

7. అమ్మకి నా సైకిలు, రెండు చొక్కాలు, ఈ ఫోను. అమ్మా, పొద్దున్న నువ్వు మావయ్య కాడ్నుంచి పైకొచ్చి నా నుదురు మీద సెయ్యేసి, ఆ పాటలు ఇంకెక్కడైనా ఉన్నాయేట్రా నాన్నా అని అడిగేవు. నొప్పిగుందా అని తర్వాత అడిగేవు. రాసెట్టుకున్నాను. పోలీసాయనకి గుంటడు నిచ్చెన మీంచి పడిపోయేడని సెప్పేవు. ఆయన మళ్ళీ సాయంత్రం వత్తాడంట. నీ అన్న జైలుకెల్తే సంబరం ఆగిపోద్దని నీ బయ్యం. ఆగదు. బ్యాండు మొదలెట్టడానికి మావయ్య బదులు సెయ్యెత్తేది ఉజ్వల. అదీ నా ఆస్తిలోదే, దానికి ఇత్తన్నాను.

8. నాను బతికొత్తే ఇది అమల్లోకి రాదంట, పోతేనేనంట. సరే. అప్పుడు పాటలు నా కాడే ఉంటాయి, ఎవల్ది ఆళ్ళకి నానే పంచుతాను. ఈ ఒక్క ముక్క మాత్రం బతికినా సచ్చినా సెల్లాల. నన్ను కొట్టింది నిచ్చెన కాదు. బంగార్రాజు, ట్రాక్‌మేన్, నా తల్లి అన్న. ఉజ్వలా, నువ్వు సూసేవు. మీ నాన్నే, తెలుసు. పోలీసాయనొత్తే ఇది సూపించు. సూపించలేకపోతే అర్పిత సిస్టర్‌కి కూడా పంపేను, ఆవిడ సూపిత్తాది.

14 మే 2025, బుధవారం, జంషెడ్‌పూర్, మగాళ్ళ సర్జరీ వార్డు, బెడ్డు 19

సంతకం: హరికిరణ్ (సిస్టర్ కాగితం మీద రాసుకుని సదివి ఇనిపించింది, కుడి సేతికి సెలైనుంది, ఎడం సేత్తో ఎట్టేను)

సాచ్చులు, ఆస్తిలో వాటా లేనోళ్ళు:
గౌరీశంకర్, బెడ్డు 20
అర్పిత, స్టాఫ్ నర్సు