ఆరేదాకా ముట్టుకోవద్దు

జూన్ 15
నుదుటి మీద పదకొండు మొటిమలు. గడ్డం మీద నాలుగు. ముక్కు పక్కన ఒకటి. అది అన్నిటికీ హెడ్మాస్టర్.

ఆగస్టు 29న స్కూల్ యాన్యువల్ డేకి నన్నే యాంకర్‌గా వేశారు తెలుగు టీచర్. నా గొంతు గంటలా మోగుతుందట. గొంతు సరే టీచర్, ముఖం సంగతేమిటి? అడగలేదు. బుద్ధిమంతురాలిలా తలూపి వచ్చేశాను. ఎనిమిదొందల మంది ముందు, స్పాట్‌లైట్‌లో, ఈ ముఖం. చచ్చినా వెళ్లను. కానీ మైకంటే నాకు ప్రాణం. అదీ వచ్చిన చిక్కు.

జూన్ 17
నాన్న చెక్క సామానుకి పాలిష్ వేస్తాడు. మా ఇంటి ముందు గదే షాపు. ఎంత గరుకు బల్లైనా ఆయన చేతిలో పడితే అద్దమే. ఉప్పుకాగితంతో రుద్దడం, తుడవడం, కోటింగ్ వెయ్యడం. ఊహ తెలిసినప్పటి నుంచీ నేను చూస్తున్నది ఇదే. గరుగ్గా ఉంటే రుద్దాలి. అంతే కదా.

ఆఖరి కోటింగ్ ముందు నాన్న బాగా అరిగిన కాగితం ముక్క వాడతాడు. పట్టులా ఉంటుందంటాడు. ఒకటి తెచ్చి సైన్స్ పుస్తకంలో దాచాను.

జూన్ 18
సబ్బు నురగ పెట్టి రుద్దాను. పట్టూ కాదు, పాడూ కాదు.

జూన్ 19
మంట. కళ్లు మూసినా మంట, నోరు తెరిచినా మంట. బుగ్గలు పచ్చి పుండులా ఉన్నాయి.

అమ్మ చెడామడా తిట్టింది. నాన్న తిట్టలేదు. అదే భరించలేకపోయాను. బాత్రూంలో దొరికిన ముక్కని బొటనవేలితో తడిమి చూశాడు. నువ్వేమన్నా చెక్కవా తల్లీ అన్నాడు. దానికి నొప్పి తెలీదు కాబట్టే రుద్దుతానన్నాడు. తర్వాత ముఖం పక్కకి తిప్పుకున్నాడు. నాన్న ఏడవగా నేనెప్పుడూ చూడలేదు. ఈరోజు కూడా చూడలేదనే రాసుకుంటున్నాను.

జూన్ 20
స్కిన్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ముఖంలో మురికేం లేదంది. ఈ వయసులో చాలామందికి వస్తాయట, నా చర్మం మరీ సున్నితమట. రుద్దడం, గిల్లడం రెండూ బంద్. ముందు ఈ మంట తగ్గాలట. అందాకా వాసన లేని మైల్డ్ ఫేస్‌వాష్, రోజుకి రెండుసార్లు, వేలి కొసలతోనే. తువ్వాలుతో తుడవకుండా అద్దుకోవాలి. పైన మాయిశ్చరైజర్. బయటికెళ్తే సన్‌స్క్రీన్. మొటిమల క్రీమ్ తర్వాత రాసిస్తుందట. ఫలితం కనిపించడానికి రెండు నెలలు పట్టొచ్చట.

రెండు నెలలా! నేను నోరెళ్లబెట్టాను. నాన్న మాత్రం ఆరడానికి టైం పడుతుంది కదండీ అన్నాడు. డాక్టరమ్మ ఆయన్ని వింతగా చూసింది.

జూన్ 21
పాలిష్ వేసిన ప్రతి సామానుకీ నాన్న ఒక అట్ట తగిలిస్తాడు. "ఆరేదాకా ముట్టుకోవద్దు." పొద్దున చూస్తే అలాంటిదొకటి బాత్రూం అద్దానికి వేలాడుతోంది. నవ్వొచ్చింది. నవ్వితే మండింది.

జూలై 4
హెడ్మాస్టర్‌ని గిల్లబోయాను. అట్ట కనిపించింది. చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

జూలై 19
మంట పోయింది, క్రీమ్ మొదలైంది. మొటిమలు మాత్రం ఎక్కడివక్కడే. యాంకరింగ్ నావల్ల కాదని టీచర్‌కి చెప్పేశాను. నెలాఖరుదాకా ఆలోచించుకోమన్నారు.

ఇంటికొచ్చి ఏడిస్తే నాన్న షాపులోకి తీసుకెళ్లి ఒక బల్ల చూపించాడు. మచ్చలు మచ్చలుగా, చూడబుద్ధి కాకుండా ఉంది. మొదటి కోటింగ్ ఎప్పుడూ ఇలాగే ఏడిపిస్తుందన్నాడు. తెలివితక్కువవాళ్లు ఇక్కడే కంగారుపడి మళ్లీ రుద్దేస్తారట. బల్ల ఎవరిదని అడిగాను. ఒక తొందరపాటు కస్టమర్‌ది అన్నాడు.

జూలై 31
నుదుటి మీద ఏడు. హెడ్మాస్టర్ రిటైరయ్యాడు.

యాంకరింగ్ నేనే చేస్తానని చెప్పేశాను. టీచర్ అసలు వేరే ఎవరినీ అడగనే లేదట.

ఆగస్టు 30
నిన్న స్పాట్‌లైట్ పడగానే నా చెయ్యి దానంతటదే గడ్డం మీదికి పాకింది. అక్కడ మూడున్నాయి. మాట రాలేదు.

రెండో వరుసలో నాన్న లేచి నిలబడ్డాడు. సంచిలోంచి అట్ట తీసి రెండు చేతులతో పైకెత్తాడు. ఆరేదాకా ముట్టుకోవద్దు. మైకులోనే ఫక్కున నవ్వేశాను. ఎందుకో తెలియకుండానే హాలంతా నవ్వింది. చెయ్యి దిగింది, గొంతు లేచింది. ఆ తర్వాత మూడు గంటలపాటు నాకు ముఖం ఒకటుందనే గుర్తులేదు. పరువు తీశారని అమ్మ ఇప్పటికీ నాన్నని సతాయిస్తూనే ఉంది, నవ్వుతూనే ఉంది. మా నాన్నంటే నాకు ఎంత ఇష్టమో ఆయనకి చెప్పలేను. ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆగస్టు 31
తొందరపాటు కస్టమర్ నేనేనట. బల్ల నా గదిలోకి వచ్చింది. అద్దంలా మెరుస్తోంది, ఒక మూల తప్ప. అక్కడ నాన్న బొటనవేలి ముద్ర. ఫంక్షన్‌కి బయల్దేరే హడావిడిలో ఆరిందో లేదోనని ముట్టుకున్నాడట. దాని అట్ట అప్పటికే సంచిలో పెట్టేశాను కదా అని నసిగాడు. రుద్దేసి మళ్లీ కోటింగ్ వేస్తానన్నాడు.

రుద్దొద్దు నాన్నా అన్నాను.