పెద్దమ్మ క్రీము, నా ఎడమ చెంప

పెద్దమ్మకి నమస్కారాలు.

ఫోన్లో ఎంత అరిచినా నీకు సగమే వినపడుతుంది కాబట్టి ఈ ఉత్తరం. పైగా ఇది అరిచి చెప్పే సంగతీ కాదు. పదిహేనో ఏట మొదలైన మొటిమలు, ఇరవై ఆరు నిండినా కదలనంటున్నాయి. ఫోటో స్టూడియోలో నా పనేమిటో నీకు తెలుసుగా, కంప్యూటర్లో ఊళ్ళోవాళ్ళ మొటిమలన్నీ చెరిపెయ్యడం. సొంత మొహం దగ్గరికొచ్చేసరికి గట్టి సబ్బుతో రోజుకి ఆరుసార్లు కడగడం, గోటితో గిల్లడం, పైన మందంగా మేకప్ వెయ్యడం. ఇంతే నా విద్య. కడిగాక చర్మం డప్పులా బిగుసుకుపోతోంది.

ఇంకో రెండు నెలల్లో ఓనరుగారు పనిచేసేవాళ్ళందరి ఫోటోలూ తీసి అద్దాల కిటికీలో పెడతారట. నువ్వేదో సహజమైన క్రీము చేస్తున్నావని అమ్మ చెప్పింది. నాలాంటి మొహానికి పనికొస్తుందా?

నీ పిచ్చుక

తా.క. అమ్మకి ఈ ఉత్తరం చూపించకు. "నీకేమే, చందమామలా ఉన్నావు" అంటుంది. చందమామ నిండా గుంటలేనని ఆవిడకి ఎవరూ చెప్పినట్టు లేరు.

*

పిచ్చుకకి ఆశీస్సులు.

డబ్బా పంపుతున్నాను. కలబంద గుజ్జు, పొద్దుతిరుగుడు నూనె, కాస్త తేనెమైనం. వాసనకి ఏమీ కలపలేదు. ముప్పై ఏళ్ళు కాలేజీ ల్యాబులో గాజుసామాను కడిగినదాన్ని, పరీక్ష పెట్టకుండా దేన్నీ నమ్మను. ముందు చెవి వెనక చిటికెడు పెట్టి చూడు. దురద లేకపోతే మూడు రోజులయ్యాక రాయి. ఆ తర్వాత రోజూ రాయి. బద్ధకించకు.

నీ పెద్దమ్మ

తా.క. పిసినారితనంగా రాస్తే ఊరుకోను. నిండుగా రాయి.

*

పిచ్చుకకి ఆశీస్సులు.

రెండు వారాలైంది. రాస్తున్నావా, లేదా?

నీ పెద్దమ్మ

*

పెద్దమ్మకి నమస్కారాలు.

రాస్తున్నాను, ఒట్టు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. నిన్న స్టూడియోలో కూడా కుర్చీలో కూర్చుని రాస్తుంటే ఓనరుగారు వింతగా చూశారు. రేపటి నుంచి ఇంకా నిండుగా రాస్తాను.

నీ పిచ్చుక

తా.క. రాసి రాసి చేతిలో పెన్ను జారిపోతోంది.

*

పిచ్చుకకి ఆశీస్సులు.

రోజుకి మూడంటే ఈపాటికి ముప్పై పైన ఉత్తరాలు. నాకు అందింది ఒక్క కార్డు. పోస్టాఫీసుకి వెళ్ళి నిలదీశాను. పోస్ట్‌మ్యాన్ పాపం సంచి తెచ్చి బల్లమీద బోర్లించాడు. పోస్ట్‌మాస్టరు బీరువా జరిపించి దాని వెనక కూడా వెతికించారు. ఎవరిదో రెండేళ్ళనాటి శుభలేఖ దొరికింది గాని నీవి లేవు. నిజం చెప్పు. ఎవరికి రాస్తున్నావు?

నీ పెద్దమ్మ

తా.క. అబ్బాయి ఏం పని చేస్తాడు?

*

పెద్దమ్మకి నమస్కారాలు.

మొహానికి రాస్తున్నాను.

నీ ఉత్తరం మూడోసారి చదివాక గాని అర్థం కాలేదు, నువ్వు రాయమన్నది ఉత్తరాలని. నేను క్రీము రాశాను. డబ్బా అడుగు కనిపిస్తోంది. నుదురు నూనె దీపంలా మెరుస్తోంది, గడ్డం నిండా కొత్త పొక్కులు. ఫోటోకి ఇంకా ఆరు వారాలుంది. ఏడుద్దామని కూర్చుంటే ఆ బీరువా జరిపించడం గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఇప్పుడేం చెయ్యను?

నీ పిచ్చుక

*

పిచ్చుకకి ఆశీస్సులు.

తప్పు నాదే. ఇకమీదట ఉత్తరమైతే రాయి, క్రీమైతే పుయ్యి.

వారం రోజులు ఏమీ పుయ్యకు. అప్పటికీ ఆ పొక్కులు తగ్గకపోతే మొహమాటపడకుండా డాక్టరుకి చూపించు. తగ్గితే తడి మొహం మీద శనగగింజంత, ఎడమ చెంపకి మాత్రమే. కుడి చెంప జోలికి పోకు. రెండూ పక్కపక్కన ఉంటేనే క్రీము సంగతి తేలుతుంది. గట్టి సబ్బు, మేకప్, గిల్లడం మాత్రం రెండువైపులా మానెయ్.

నీ పెద్దమ్మ

తా.క. పోస్ట్‌మ్యాన్‌ని క్షమించమని అడిగాను. సరేనని, తన ముక్కు మీది మొటిమకి ఓ డబ్బా అడిగాడు.

*

పెద్దమ్మకి నమస్కారాలు.

నాలుగు వారాలైంది. ఎడమ చెంప మీద పెద్దవి మూడూ అణిగిపోయాయి. కడిగాక బిగుసుకోవడం లేదు. వేలితో తాకితే నా చెంపేనా అనిపిస్తోంది. కుడివైపు చూడడానికి మాత్రం ధైర్యం చాలక, అద్దం ముందు పక్కకి తిరిగి నిలబడుతున్నాను.

నీ పిచ్చుక

*

పిచ్చుకకి ఆశీస్సులు.

నీ కార్డు పోస్టాఫీసులో గట్టిగా చదివి వినిపించాను. ముప్పై ఏళ్ళు పరాయివాళ్ళ ప్రయోగాలకి గాజుగొట్టాలు కడిగాను. నాదంటూ చేసిన మొదటి ప్రయోగం ఇదే. నా చేత్తో కలిపినది ఒక మనిషి మొహం మీద ఇంత పని చేసిందంటే నమ్మలేక రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

నీ పెద్దమ్మ

తా.క. మరో ఎనిమిది డబ్బాలు తయారుచేస్తున్నాను.

*

పెద్దమ్మకి నమస్కారాలు.

ఫోటో తీశారు. మేకప్ లేకుండా, కంగారులో ఏ వైపో కూడా చూసుకోకుండా ఓనరుగారు తిప్పినట్టే పక్కకి తిరిగి కూర్చున్నాను. "నీది నువ్వే దిద్దుకో" అని ఓనరుగారు కంప్యూటర్లో పెట్టి వెళ్ళారు. నాలుగింతలు పెద్దది చేశాను. అలా ఎన్ని వేల మొహాలు చూశానో లెక్కలేదు, నాది చూడడం ఇదే మొదలు.

పెద్దమ్మా, చర్మం ఇలా ఉంటుందని నాకు తెలీదు. సన్నటి గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ, ఆకు వెనక ఈనెల్లా. నూగు మీద కిటికీ వెలుతురు. మానిన చోటల్లా లేత రంగు. రెండు మొటిమలు ఇంకా ఉన్నాయి, వాటి చుట్టూ కొత్త చర్మం అంచుల నుంచి కమ్ముకుంటూ వస్తోంది. ఎవరూ చెప్పకుండానే, ఎక్కడ మొదలుపెట్టాలో దానికి తెలుసు. మౌసు సంగతి మర్చిపోయి చూస్తూ ఉండిపోయాను.

అంతా నీ చలవేనని రాద్దామని పెన్ను తీశాను. అప్పుడు చెవి దగ్గర పుట్టుమచ్చ కనిపించింది. అది నా కుడి చెవి దగ్గరిది.

కుడి చెంప, పెద్దమ్మా. దానికి ఒక్క చుక్క క్రీము తగల్లేదు. అద్దం దగ్గరికి పరుగెత్తి రెండువైపులా చూసుకున్నాను. రెండూ ఒకేలా మానుతున్నాయి. మనం చేసిందల్లా సబ్బునీ గోళ్ళనీ పక్కకి తప్పించడం. పదకొండేళ్ళు నేను నా చర్మాన్ని బాగుచేస్తున్నాననుకున్నాను. అది మాత్రం నేనెప్పుడు చెయ్యి తీస్తానా అని ఎదురుచూస్తూ కూర్చుంది.

ఫోటో దిద్దలేదు. ఉన్నదున్నట్టే ఇచ్చేశాను.

నీ పిచ్చుక

తా.క. అన్యాయంగా మాట్లాడను. రెండింట్లోకీ ఎడమ చెంపే మెత్తగా ఉంది. ఆ ఎనిమిది డబ్బాల మీద "మెత్తదనానికి మాత్రమే" అని చీటీలు అంటించు.