బుడ్డి మెడ మీది తేదీ

చిరంజీవి తమ్ముడికి అక్క దీవించి రాయునది. ఇక్కడ అమ్మా, మీ బావా, నేనూ క్షేమం. అక్కడ మీరు ముగ్గురూ క్షేమమని రాశావు. ఉత్తరంతో పంపిన ఫొటో చూశాక ఆ మాట నేను నమ్మడం లేదు. నీ ఫోను ఆ కొండల్లో పలకడం లేదు కనుక, మీరు ఉత్తరాలు తీసుకునే పెట్రోలు బంకుకే ఇది పంపుతున్నాను.

అమ్మ మోకాలి నొప్పి గురించి అడిగావు. తగ్గింది, మెట్లెక్కుతోంది. మనవరాలు మీరు కాపురముంటున్న వ్యానులో మహారాణిలా కూర్చుందని ఆ ఫొటో వీధంతా తిప్పి వచ్చింది. నాకు మాత్రం నా మేనకోడలి వెనక, తలుపు తెరిచిన పెట్టెలో గ్యాస్ బుడ్డే కనిపించింది. ఒళ్లు మండిపోయింది.

దానికి వెండి రంగు ఎవరు వేయమన్నారు నిన్ను? అడుగున తుప్పు ఎంత తినేసిందో ఇక నీకూ తెలియదు, నింపేవాడికీ తెలియదు. పైగా ఇనుప బుడ్డికి ఆయుష్షేమిటక్కా అని వెటకారం. ఉంటుందిరా. పదేళ్లకోసారి మా షెడ్డులో దాన్ని నీళ్లతో నింపి, ఒత్తిడి పెట్టి, ఉబ్బిందా కారిందా చూస్తాం. తట్టుకుంటేనే మెడ మీద కొత్త తేదీ కొడతాం, లేకపోతే కోసి పారేస్తాం. గతుకుల్లో రోజంతా కుదుపులు తినే బుడ్డి వంటింటి మూల కూర్చున్న బుడ్డి లాంటిది కాదు.

చలిగాలి కొడుతోందని పెట్టె అడుగు కన్నంలో గుడ్డ కుక్కావట. ఏం తెలివిరా నీది! గ్యాస్ గాలికన్నా బరువు. కారితే కిందికి దిగి బయటికి పోవడానికే ఆ కన్నం. ఇప్పుడెక్కడికి పోతుంది? ఆ పెట్టె మీదే కదా పిల్లకు పక్క వేస్తున్నారు. పొద్దున్నే కాస్త వాసన వస్తుంది, అలవాటైపోయిందని మరదలు చివర్లో రాసింది. అది గ్యాస్ కారుతున్న వాసనేరా.

ఇంతసేపూ నిన్నే తిట్టాను. నన్ను నేను తిట్టుకోవాల్సింది దాచుకున్నాను. రెండేళ్ల కిందట నువ్వు బయల్దేరిన రోజున ఆ బుడ్డి గడువు దాటి ఉంది. మా ఒత్తిడి యంత్రం మరమ్మతుకు వెళ్లింది. నువ్వేమో గేటు దగ్గర ఇంజను ఆపకుండా, "అక్కా, అయిందా?" అని కేకలు. సుత్తితో తట్టాను, ఖంగున మోగింది. ఇరవై ఏళ్ల పనితనం, నా చెవి నాకు అబద్ధం చెప్పదనే పొగరు. తేదీ కొట్టేశాను. పరాయివాళ్లదైతే వెనక్కి పంపేదాన్ని. తమ్ముడివని పరీక్ష లేకుండా ఇచ్చాను. తరవాత సిగ్గుపడి నోరు మూసుకున్నాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

నిన్న మా షెడ్డు మేస్త్రీకి అంతా చెప్పేశాను. ఆయన తేదీ కొట్టే నా ముద్ర తీసుకుని సొరుగులో పెట్టి తాళం వేశారు.

ఇది చదవగానే నిప్పు జోలికి పోకుండా పిల్లను కిందికి దింపు. వాల్వు కట్టేసి, గుడ్డ పీకి, తలుపులన్నీ తెరువు. బుడ్డిని దగ్గర్లో గ్యాస్ నింపేచోట అప్పగించు. రంగు గీకితే తేదీ పక్కన పదిహేడు అని ఉంటుంది. అది నా నంబరు. ఈ తేదీ అబద్ధం, కొట్టింది మా అక్క అని వాళ్లతో చెప్పు. నన్ను కాపాడాలని ఆ మాట మింగావో, జన్మలో నీతో మాట్లాడను.

ఇట్లు,
నా మేనకోడలు ఆ పెట్టె దిగిందన్న కబురు కోసం కాచుకుని ఉన్న
మీ అక్క