దర్జీ తాత దగ్గు

ప్రియమైన పెద్దమ్మాయికి,

సమాధిలో ఉన్న మనిషి నా ప్రసంగానికి ఆమెన్ చెప్పగలడా? ముందు దీనికి జవాబు చెప్పు, తర్వాతే నా ఆశీస్సులు తీసుకో. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం తిరుగుతూనే ఉన్నాం. మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు.

నువ్వు పంపిన ఇయర్‌ఫోన్లు ఎందుకు వాడడం లేదని అడిగావు. వాటిలో ఒక చెవిది మూగబోయిందమ్మా. పైగా వాటిలో నేను గుసగుసలాడినా సీనాయి కొండ మీద ఉరిమినట్టుండేది. అది నా గొంతుకు దొరికిన దైవాభిషేకమనుకున్నాను! కొత్తవి కొందామని అమ్మా నేనూ ఫోన్లు బాగుచేసే కొట్టుకు వెళ్ళాం.

"తక్కువలో ఇవ్వు బాబూ. హంగులొద్దు, ఉన్న గొంతు ఉన్నట్టు వినపడాలి. ఈ ఆదివారం పెద్ద మందిరం వాళ్ళు నా ప్రసంగాల రికార్డింగులు విని, నన్ను బోధకుడిగా పిలవాలో వద్దో తేలుస్తారు. వాళ్ళకంటే ముందు నేను వినాలి."

"మీవి మీరే వింటారా?" అని నవ్వాడు కొట్టతను. "అయితే ఇవి చూడండి. దడదడలు ఉండవని ఎవరూ కొనట్లేదు, అందుకే చవక. బాగా తెలిసిన గొంతు పెట్టుకుని వినండి."

నేను రికార్డు చేసి పంపితే నువ్వు సరిచేసిన పోయిన నెల ప్రసంగం పెట్టి, చెరో చెవికి ఒకటి తగిలించుకున్నాం. నా గొంతు ఎంత సన్నగా ఉందో! సరే, దేవుడిచ్చిందే కదా అనుకున్నాను. ఇంతలో జనం "ఆమెన్" అన్నారు. వెనకే ఓ దగ్గు, చివర ఈల వేసినట్టు. మీ అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఏమండీ, ఇది మన మందిరానికొచ్చే దర్జీ తాత దగ్గు కదూ?"

"తాతను సమాధి చేసి ఏడాది దాటింది కదే!"

"మరి లేచొచ్చాడా?"

"పునరుత్థానం నాకు చెప్పకుండా జరుగుతుందా? మాట్లాడకుండా విను."

ప్రతి ఆమెన్ వెనకా అదే దగ్గు. ప్రసంగం మార్చినా అదే దగ్గు. తాత బతికున్నప్పటి ఆమెన్ ఒకటి కోసి నా మాటల వెనక అతికిస్తున్నావు. నీ ఇయర్‌ఫోన్ల ఉరుములో ఇన్నాళ్ళూ నాకది వినపడలేదు.

దొంగ త్రాసు దేవుడికి ఎంత అసహ్యమో నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పింది నేనే. ఆ త్రాసులో నన్నే తూచావు. పరాయివాళ్ళయితే వీధిలో నిలబెట్టి అడిగేవాణ్ణి. కడుపున పుట్టినదానివి, ఎవరికి చెప్పుకోను? జాలిపడి చేసి ఉంటుందని మీ అమ్మ అంటోంది. ప్రభువును ముద్దుపెట్టి అప్పగించినవాడి సంగతి నీకు తెలియనిదా?

మొన్న రాత్రి ప్రార్థన కూటంలో ప్రసంగం మధ్యలో ఆగి చెవులు రిక్కించాను. ఫ్యాను చప్పుడు. మీ అమ్మ ఒక్కతే ఆమెన్ అంది, అదీ ఇక ఇంటికి వెళ్దామన్నట్టు.

నీకు చెప్పాలా వద్దా అని ఇంతసేపూ నలిగిన మాట ఒకటుంది. పెద్ద మందిరం పెద్దాయన నిన్న ఎదురుపడి, "మీ మాటకు జనం ఊగిపోతున్నారటగా!" అన్నాడు. నేను కాదనలేదు. ఊరుకుంటే ఏం పోయిందని మనసు లాగుతోంది తల్లీ. చదువులేనివాడికి ప్రసంగమేమిటని నవ్విన ప్రతివాడి ముందూ ఆ వేదిక ఎక్కాలని ఉంది. ఇంకొక్క రోజు ఆగితే నాకు నోరు పెగలదు.

కోతా అతుకూ లేని అసలు రికార్డింగులు నీ దగ్గరే ఉన్నాయి. చేతిలో పని పక్కన పడేసి, వాటిని ఆ పెద్దలకు పంపు. నాకు జవాబు రాయడం తర్వాత. రేపనకు, ఈ రోజే పంపు!

ఇట్లు,
నిన్ను నమ్మిన
నాన్న