పాస్‌వర్డ్ మార్చినందుకు ఒకసారి, మార్చనందుకు ఒకసారి

కళాశాలల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,
బస్టాండు వెనుక వీధిలో సెలూన్ నడుపుకొనుచున్న వాడును, రెండవ సంవత్సరం కంప్యూటర్ విద్యార్థినికి మేనమామయును అగు అర్జీదారు వ్రాసుకున్నది.

అయ్యా,

విషయం: నా మేనకోడలిని కంప్యూటర్ నేరస్థురాలిగా నిర్ణయించి వార్షిక పరీక్షలకు కూర్చోనివ్వకపోవుట గురించి; మరియు సదరు నేరమునకు తలుపులు బార్లా తీసిపెట్టిన వారు హాయిగా ఫ్యాను కింద కూర్చొని ఉండుట గురించి.

పై విషయమై తమకు సవినయంగా మనవి చేయునది ఏమనగా, వినయం ఈ ఒక్క వాక్యం వరకే. వచ్చే సోమవారం పరీక్షలు మొదలు. ఆలోగా తమ సంతకం పడకపోతే పిల్ల చదువు ఒక ఏడాది పోతుంది. 'కంప్యూటర్ నేరస్థురాలు' అన్న ముద్ర మాత్రం ఎన్ని ఏళ్లయినా పోదు. తండ్రి లేని పిల్ల. మా అక్క ఆసుపత్రిలో ఆయా, సెలవు పెడితే ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. అందువలన ఆఫీసుల చుట్టూ తిరగడం, కోపం తెచ్చుకోవడం, ఈ రెండు పనులూ నాకు అప్పగించబడినవి.

1. సదరు కళాశాలలో ఈ ఏడాది 'కంప్యూటర్ నీతి, కంప్యూటర్ నేరాలు' అను పాఠ్యాంశం కొత్తగా ప్రవేశపెట్టబడినది. మంచిదే. ఆ పాఠం చెప్పే మేడమ్ మొదటి వారంలోనే, పాస్‌వర్డ్ కన్నతల్లికి కూడా చెప్పకూడదు, ఎవరైనా ఇట్టే ఊహించేది అసలు పెట్టుకోకూడదు అని బోధించారట. క్లాసు మొత్తం తలలూపింది. మా పిల్ల మాత్రం నమ్మింది.

2. ఇక అదే కళాశాల ల్యాబులో అమలులో ఉన్న పద్ధతి తమరు వినవలెను. ప్రతి విద్యార్థి పాస్‌వర్డూ వారి రోల్ నంబరే. ఇది ల్యాబ్ ఇన్‌ఛార్జి గారి ఆజ్ఞ. పిల్లలు మరిచిపోతారు, రోజూ కొత్తవి ఇవ్వలేక చస్తున్నాను అని ఆయన వాదన. ఆ రోల్ నంబరు గుర్తింపు కార్డు మీద దూరం నుంచి కనబడేంత పెద్ద అంకెలతో ఉంటుంది. ఆ కార్డు మెడలో వేసుకోకపోతే గేటు దాటనివ్వరు. అంటే అయ్యా, పాస్‌వర్డ్‌ను మెడలో వేలాడదీసుకుని ఊరంతా తిరగవలెనని నియమం పెట్టినది స్వయంగా కళాశాలవారే. పక్క గదిలో పాఠం ఏమో కన్నతల్లికి కూడా చెప్పవద్దని. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటే ఇదే.

3. పాఠం విన్న మా పిల్ల తన పాస్‌వర్డ్ మార్చుకున్నది. రెండు రోజుల తరువాత ఇన్‌ఛార్జి గారు ఏదో తనిఖీకి దాని ఖాతా తెరవబోతే తెరుచుకోలేదట. పిల్లను క్లాసు మధ్యలోంచి పిలిపించి, ల్యాబు బయట నిలబెట్టి, అందరూ చూస్తుండగా చీవాట్లు పెట్టారు. పాత పాస్‌వర్డే మళ్లీ పెట్టించారు. అంతటితో ఊరుకోక, 'ల్యాబు నియమాలను ఉల్లంఘించాను, ఇకపై పాస్‌వర్డ్ మార్చను' అని క్షమాపణ పత్రం కూడా వ్రాయించుకున్నారు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని, మామయ్యా, పాఠం తప్పా, ల్యాబు తప్పా అని అడిగింది. పెద్దవాళ్లతో మనకెందుకులే, చెప్పినట్టు విను అన్నాను. విన్నది.

4. ఆ తరువాత కొద్ది రోజులకే మా పిల్ల ఖాతా నుంచి ఆ పాఠం చెప్పే మేడమ్‌కు ఒక సందేశం పోయింది. దానిలోని మాటలు ఈ కాగితం మీద పెట్టను. నా సెలూన్‌లో రకరకాల నోళ్లు విన్నవాణ్ణి, నాకే చెవులు మూసుకోవాలనిపించింది. మేడమ్ ఏడ్చుకుంటూ ఇంటికి వెళ్లి కొన్నాళ్లు కళాశాలకు రాలేదు. ఆమె బాధ నిజం, జరిగిన నేరమూ నిజం. అందుకే నాకు కోపం రెట్టింపు అవుతున్నది. నేరం చేసినవాడు క్యాంటీన్‌లో కాళ్లూపుకుంటూ కూర్చున్నాడు. మేడమ్ అంటే ప్రాణం పెట్టే పిల్లను చూసి ఆ మేడమ్ మొహం తిప్పుకుంటున్నారు.

5. విచారణ కమిటీ వేయబడినది. ఆ కమిటీ ఘనకార్యం మనవి చేయుచున్నాను. 'నీ పాస్‌వర్డ్ నీకు తప్ప ఇంకెవరికీ తెలియదు కదా, మరి నువ్వు కాక ఇంకెవరు పంపుతారు?' అని అడిగారు. అందరికీ తెలుసండీ, అది నా మెడలోనే ఉందండీ అని పిల్ల కార్డు చూపిస్తే, ఎదురు సమాధానం చెబుతున్నది అని వ్రాసుకున్నారు. ఆ సమయంలో మాతోనే ఉంది అని చెప్పిన స్నేహితురాళ్ల మాట చెల్లదన్నారు. పైగా ఆ క్షమాపణ పత్రాన్ని బయటకు తీసి, ఇదివరకే ఒకసారి కంప్యూటర్ నియమాలను ఉల్లంఘించిన చరిత్ర కలదు అని తీర్పులో చేర్చారు. తాళం వేసుకున్నందుకు ఒక శిక్ష, తాళం లేని ఇంట్లో దొంగ పడినందుకు ఇంకో శిక్ష, రెండూ ఒకే మనిషికి! అయ్యా, తమకూ పిల్లలుంటారు.

6. సందేశం ఏ యంత్రం నుంచి పోయిందో చూస్తే తేలిపోతుంది కదా అని పిల్లే అడిగింది. చూడలేమన్నారు. కారణం, ఆ గొడవ జరిగిన మరునాడే ల్యాబులోని యంత్రాలన్నిటినీ తుడిచి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించారట. సాక్ష్యం చెరిపివేయడం ఎటువంటి నేరమో వారి పుస్తకంలోనే ఉన్నది, వారు తెరచి చూసుకోగలరు.

7. కళాశాలకు వెళ్లి ఫిర్యాదు ఇవ్వబోతే, కాగితాలు తీసుకోము, విద్యార్థి ఖాతాలోకి వెళ్లి ఆన్‌లైన్లో పెట్టండి అన్నాడు గుమాస్తా. ఆ ఖాతా మీరే మూసేశారు కదయ్యా అన్నాను. అయితే ముందు ఖాతా తెరవమని ఫిర్యాదు పెట్టుకోండి, అది కూడా ఆన్‌లైన్లోనే అన్నాడు. నేను ఆ మనిషిని ఏమీ అనలేదు. అనకుండా బయటకు రావడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు.

8. ఇది ముఖ్యం. మొన్న ఆదివారం ల్యాబ్ ఇన్‌ఛార్జి గారు గడ్డం గీయించుకోవడానికి నా సెలూన్‌కే వచ్చారు. నేను ఎవరి మేనమామనో ఆయనకు తెలియదు. సగం గడ్డం గీసి, కత్తి తుడుస్తూ, ఫలానా పిల్ల నా అక్క కూతురండీ అన్నాను. ఆయన అద్దంలో నా వంక చూశారు, నా చేతిలో కత్తి వంక చూశారు. అబద్ధం చెప్పను, ఒక్క క్షణం నాకూ ఆ కత్తి బరువు తెలిసింది. ఆయనే నోరు విప్పారు.

"పాస్‌వర్డ్ మార్చుకుంది నిజమేనండీ. వెనక్కి మార్పించింది నేనే. కమిటీలో ఆ మాట నన్నెవరూ అడగలేదు."

"అడక్కపోతే మీరు చెప్పకూడదా?"

"చెబితే తప్పంతా నా మీద పడుతుందండీ. ఇద్దరు పిల్లలు నాకు."

"ఇక్కడా ఒక పిల్లే కదండీ సార్ ఉంది."

మిగతా సగం గడ్డం కూడా గీసి, నీళ్లు చల్లి, తువ్వాలుతో తుడిచి పంపించాను. కుర్చీలో కూర్చున్నవాణ్ణి సగంలో వదిలేయడం మా పనిలో లేదు. ఆ మాట ఆయన తమ ఎదుట చెబుతారో లేదో నాకు తెలియదు. కాని తమరు పిలిచి అడగవచ్చును. ఆయన గొంతు మీద కత్తి పెట్టి చెప్పించానని మాత్రం దయచేసి వ్రాసుకోకండి, గొంతు దాకా నేను ఇంకా రాలేదు.

కావున తమరు దయతలచి, ఇన్‌ఛార్జి గారిని పిలిపించి ఆ ఒక్క ప్రశ్న అడగవలెనని, నిజం తేలేవరకు మా పిల్లకు హాల్ టికెట్ ఇప్పించవలెనని, తీర్పులోంచి ఆ 'నేరస్థురాలు' అన్న మాట కొట్టివేయించవలెనని కోరుచున్నాను. దానికి మార్కులు వేయమని అడగడం లేదు. క్షమించమనీ అడగడం లేదు, అది చేయని తప్పుకు క్షమాభిక్ష నాకు అక్కరలేదు. తమరు ఇది చిత్తగించి, చిత్తగించిన తరువాత ఒక్కసారైనా కోపం తెచ్చుకోవలెను.

ఇట్లు,
సోమవారం వరకు తమ విధేయుడు,
అర్జీదారు

తా.క.: అయ్యా, ఈ అర్జీకి తొమ్మిదవ నంబరు కూడా ఉండెను. ఆ సందేశం పంపినవాడని నేను అనుకుంటున్న కుర్రవాడి పేరు, తండ్రి పేరు, ఇంటి గుర్తులతో సహా అందులో వ్రాశాను. నా సెలూన్ బల్ల మీద వంతు కోసం కూర్చున్న ఇద్దరు కాలేజీ పిల్లలు వాడి పేరు చెప్పుకుని నవ్వుకోవడం చెవులారా విన్నాను. అందరికంటే ఎక్కువ కసిగా వ్రాసినది ఆ నంబరే. ప్రతులు తీయించే ముందు పిల్లకు చదవమని ఇచ్చాను. మొత్తం చదివి, తొమ్మిది దగ్గర ఆగింది.

"వాడు పంపుతుంటే నువ్వు చూశావా మామయ్యా?"

చూడలేదే, విన్నాను అన్నాను.

"నా గురించి కమిటీ వాళ్ల దగ్గరా ఇంతకన్నా ఏమీ లేదు. అయినా రాసేశారు. నువ్వు రాయకు."

నీ బతుకు నాశనం చేసినవాణ్ణి వెనకేసుకొస్తావా అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. అది ఏడ్చింది కాని ఒప్పుకోలేదు. వాడు కాకపోతే, వాళ్ల అమ్మ కూడా నీలాగే ఆఫీసుల చుట్టూ తిరగాలి కదా అన్నది. దానితో వాదించి గెలవడం నా వల్ల కాలేదు. ఆ కాగితం చింపేశాను.

సోమవారం పొద్దున మొదటి పరీక్ష ఈ నీతి పాఠానిదే. బాబ్బాబు, దాన్ని లోపలికి రానివ్వండి.